పిలవని కారులో భూపాలపల్లికి

కాశీకి పోయొచ్చినవాళ్లు పుస్తకాలు రాస్తారు. సింగపూర్ పోయొచ్చినవాళ్లు ఫోటోలు చూపించి ప్రాణం తీస్తారు. జనగామ నుంచి మానుకోట మీదుగా భూపాలపల్లికి పోయొచ్చినవాళ్లు మాత్రం నోరు విప్పరు. వాళ్లు పని మీద పోతారు, పని కాగానే బస్సెక్కి ఇంటికొస్తారు. అందులో రాయడానికేముందని వాళ్ల ఉద్దేశం. నేను పోయినప్పుడు బస్సులు లేవు, అందుకే ఇది రాస్తున్నాను.

అది సమ్మె నెల. బస్సు డ్రైవర్ల నుంచి బడి పంతుళ్ల దాకా, బొగ్గు బాయి నుంచి తహసీల్ కచేరీ దాకా తెలంగాణ అంతా ప్రత్యేక రాష్ట్రం కోసం పని బంద్ పెట్టి రోడ్డు మీద కూర్చుంది. నేను జనగామ హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్పేదాన్ని. సమ్మెలో ఉన్నాను, అంటే రోజూ శిబిరంలో ఉన్నాను. మా ఆయన సర్కారు ఆఫీసులో గుమాస్తా. ఆయనా సమ్మెలో ఉన్నాడు, అంటే ఇంట్లో ఉన్నాడు.

మా అక్క మానుకోటలో ఒక్కతే ఉంటుంది. బావ పోయి చాలా ఏళ్లయింది. ఆమె కూతురు స్వరూపకు ఎనిమిదో నెల. అల్లుడు రమేశ్ భూపాలపల్లి బొగ్గు బాయిలో కార్మికుడు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి కదా. కాబట్టి నేను కారు తీసుకుని మానుకోట పోయి అక్కను ఎక్కించుకోవాలి, భూపాలపల్లి పోయి స్వరూపను ఎక్కించుకోవాలి, మళ్లీ మానుకోటలో ఇద్దరినీ దించాలి. అక్కా నేనూ ఫోన్లో రెండు నిమిషాల్లో తేల్చేశాం. అప్పటికి ఈ మూడు ఊళ్లూ ఒకే జిల్లా. దూరాలు మాత్రం ఎప్పుడూ మూడు జిల్లాలవే.

కారు పదహారేళ్లది. నడిపేది నేను. మా ఆయనకు లైసెన్సు ఉంది, ధైర్యం లేదు. ఆ లోటును సలహాలతో పూడుస్తాడు.

ఇక్కడ కారు రోగం కొంచెం చెప్పాలి. మన ఒంట్లో నరాల్లాగా కారు ఒంట్లో వైర్ల కట్ట ఉంటుంది. ఆ కట్ట ఇంజన్ వైపు నుంచి లోపలికొచ్చే చోట రెండు ప్లాస్టిక్ డబ్బీలు ఒకదాంట్లో ఒకటి దూరి కూర్చుంటాయి. వాటిని కప్లర్ అంటారు. మా కారు ముందద్దం మీది వాన నీళ్లు కొన్నేళ్లుగా సరిగ్గా ఆ కప్లర్ మీదే కారుతున్నాయి. లోపలి ఇత్తడి పిన్నులకు పచ్చగా చిలుము పట్టింది. జనగామ మెకానిక్ దాన్ని చూసి, "కప్లర్ తోటి పరేషాన్ మేడం. సగం వైర్లు కోసి డైరెక్ట్ ఇచ్చిన. ఇగ జిందగీల ఫికర్ లేదు" అన్నాడు. ఆ జిందగీ పదకొండు రోజులు నడిచింది.

డైరెక్ట్ ఇవ్వడమంటే రెండు వైర్ల తోలు ఒలిచి, ఒకదాన్నొకటి మెలేసి, పైన నల్లటేపు చుట్టడం. మన దేశంలో సగం సంసారాలూ ముప్పాతిక ప్రభుత్వాలూ ఆ టేపు మీదే నడుస్తున్నాయి.

రఘునాథపల్లి: ముందర బంద్, ఎనక చాయ్

పాలకుర్తి దారిలో చెట్లు కొట్టి అడ్డం వేశారన్నారు. చుట్టు తిరిగి ఘన్‌పూర్ మీదుగా పోదామని రఘునాథపల్లి దారి పట్టాం. అప్పటికే కారు తన గుణం చూపిస్తోంది. హారన్ కొడితే వైపర్ ఒక్కసారి ఉలిక్కిపడేది. వైపర్ వేస్తే ఇంజన్ దగ్గేది.

"నేను చెప్పలే?" అన్నాడు పక్క సీట్లోంచి మా ఆయన. ఏం చెప్పాడో ఇప్పటికీ నాకు తెలియదు.

రఘునాథపల్లిలో దుకాణాలన్నీ షట్టర్లు దించి ఉన్నాయి. ఒక హోటల్ వెనక సందులోంచి మాత్రం పొగ వస్తోంది. వెళ్లి చూస్తే పదిమంది చాయ్ తాగుతున్నారు. ఎప్పుడూ నాలుగు రూపాయలుండే చాయ్ ఆ వేళ ఆరు.

"బంద్ అంటివి, ధర పెంచితివి. ఇదేం ఉద్యమం?" అని అడిగాను.

హోటలాయన ఏమాత్రం సిగ్గుపడలేదు. "ఉద్యమం ఉద్యమమే, చాయ్ చాయే అక్కా. ఎనక నుంచి మోసుకచ్చుడుకు కష్టం కాదా?" అన్నాడు.

మేం తాగుతుండగా రోడ్డు మీద తెల్లబండ్లు నాలుగు జెండాలు కట్టుకుని దూసుకుపోయాయి. ఎవరో నాయకుడు ఏదో శిబిరానికి సంఘీభావం చెప్పడానికి పోతున్నాడట. నిరుడు ఇదే మనిషి, రాష్ట్రం ఎందుకు, ఉన్నది చాలదా అన్నాడని చాయ్ తాగుతున్న ఒకాయన చెప్పాడు. ఆ నాలుగు బండ్ల హారన్లూ బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి.

ఘన్‌పూర్: రోడ్డు మీద పప్పన్నం

స్టేషన్ ఘన్‌పూర్‌లో రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంట చేస్తున్నారు. వంటావార్పు. బండ్లు ఆపాలి, దిగాలి, కూర్చుని తినాలి, అప్పుడే దారి. నిరసనల్లో నాకు నచ్చింది ఇదొక్కటే. మిగతా అన్నిట్లో ఉపన్యాసాలు తప్ప ఏమీ పెట్టరు.

"ఇంజన్ బంద్ జెయ్యక్కా, పొగ మీద పడ్తున్నది" అన్నాడొకాయన. బంద్ చేశాను. అంతే. అన్నం తిని వచ్చి తాళంచెవి తిప్పితే, డ్యాష్‌బోర్డు మీద ఒక్క దీపం కూడా వెలగలేదు.

ఆడది కారు దగ్గర నిలబడి బానెట్ ఎత్తితే చాలు, ఊళ్లో ఉన్న మగవాళ్లందరికీ యంత్రశాస్త్రం పూనుతుంది. నిమిషంలో ఇరవైమంది చేరారు.

"బ్యాటరీ ఖతం" అన్నాడొకాయన.

"బ్యాటరీ కాదు, కాయిల్ పోయింది" అన్నాడు ఇంకొకాయన.

"సెల్ఫు పట్టింది. రాయితోటి కొట్టున్రి" అన్నాడు ఎక్కడో వెనక నుంచి మూడో ఆయన. ఆయనకు కారు కనబడుతోందా అన్నది అనుమానమే.

నేను కప్లర్ అని చెబుతూనే ఉన్నాను. ఒక్కరూ నా మొహం చూసి మాట్లాడలేదు. అందరూ మా ఆయనతో మాట్లాడారు. ఆయన గంభీరంగా తల ఊపుతూ, "నాకూ గట్లనే అనుమానమున్నది" అన్నాడు, ముగ్గురితోనూ.

చివరికి నేనే చెయ్యి పెట్టి ఆ డబ్బీలను గట్టిగా ఒత్తాను. దీపం వెలిగింది. అందరూ తోస్తే బండి కదిలింది. ఒక్కరికీ నా మాట నిజమైందన్న స్పృహ లేదు. "రాయి దెబ్బకు మంచిగైంది సూడు" అన్నాడు మూడో ఆయన. రాయితో ఎవరూ కొట్టనే లేదు.

పప్పు దగ్గర గరిటె పట్టుకుని నిలబడ్డ అవ్వ ఒకతె, కదిలే కారు కిటికీలోంచి నా చేతిలో పచ్చిపులుసు గ్లాసు పెట్టింది. "తాగిపో బిడ్డ, వీళ్ల మాటలు పట్టుకుంటే పొద్దుగూకుతది" అంది. ఆ ఊళ్లో బుద్ధి ఉన్న మనిషి అప్పటికి ఆమె ఒక్కతే కనబడింది.

ఇంజన్ ఆపకుండా నెల్లికుదురు దాకా వచ్చాం. అక్కడ వాన పట్టుకుంది. వైపర్ వేయక తప్పలేదు, వేశాను, కారు చచ్చింది. ఈసారి ఒత్తినా లేవలేదు. పత్తి మందు డబ్బాలతో పోతున్న ఒక నాయక్ తన ట్రాక్టరుకు తాడు కట్టి మమ్మల్ని మానుకోట దాకా గుంజుకొచ్చాడు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. "గీ బండికన్నా నా ఎడ్లు నయం టీచరమ్మా" అని మాత్రం అన్నాడు. ఉచితంగా చేసిన సాయానికి ఆ మాట గిట్టుబాటే.

మానుకోట: తెర వెనక

మర్నాడు పొద్దున అక్క వాళ్ల వీధివాళ్లు కారును ఖాజా భాయ్ దుకాణానికి తోశారు. రేకుల షెడ్డు, దాని వెనకే ఇల్లు, మధ్యలో తలుపుకు పూల తెర. షెడ్డు మీద 'ఖాజా ఆటో ఎలక్ట్రికల్స్' అని బోర్డు. ఖాజా భాయ్ అరవైకి దగ్గరి మనిషి, మెహందీ గడ్డం. వైర్లను వేళ్లతో తడిమి చూశాడు, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు, కళ్లతో మాత్రం పెద్దగా చూడలేదు.

"కప్లర్ మొత్తం కట్టాలె. డైరెక్ట్ నేనియ్య. సాయంత్రం రాన్రి" అన్నాడు.

డైరెక్ట్ ఇవ్వనన్న మొదటి మగవాడు. గౌరవం కలిగింది. కానీ ఆ వైర్ల కట్టను చివరల్లో విప్పి, డబ్బీలతో సహా తెర వెనక్కి అందించి, తాను స్టూలు మీద కూర్చుని బీడీ వెలిగించేసరికి ఆ గౌరవం పోయింది. నిండు గర్భిణిని ఎక్కించాల్సిన బండి. లోపల ఎవరు ఏం చేస్తున్నారో చూడకుండా ఉండలేకపోయాను. తెర తీసి లోపలికి పోయాను.

చాప మీద ఒకామె కూర్చుని ఉంది. పేరు మెహరున్నీసా, ఖాజా భాయ్ భార్య. కళ్లద్దాలు ముక్కు చివర, ఒళ్లో మా కారు నరాలు, పక్కన రేకు డబ్బాలో తుక్కు బండ్ల నుంచి తీసిన కప్లర్లు గుట్టగా.

"అందర్ ఆవ్ అక్కా. తెర వెయ్, ఎవలన్న సూస్తరు" అంది.

గొడుగు చువ్వను అరగదీసి చేసిన ములుకుతో డబ్బీలోకి పొడిచి, పిన్నులను ఒక్కొక్కటే బయటికి లాగుతోంది. ఎండకూ ఇంజన్ వేడికీ వైర్ల రంగులన్నీ వెలిసిపోయి ఒకటే మట్టిరంగయ్యాయి. అందుకని లాగిన ప్రతి వైరుకూ కుట్టు దారం ముడేస్తోంది. హారన్‌కు ఎర్రది, వైపర్‌కు పసుపుది, ఇంజన్‌కు నల్లది. నల్లటేపు విప్పి డైరెక్ట్ ఇచ్చిన అతుకులు చూసినప్పుడు ఆమె మొహం చీమిడి ముక్కు చూసినట్టు అయింది.

"గిదెవడు చేసిండక్కా? చేతులున్నోడేనా?"

"జనగామల" అన్నాను.

"ఒక్క అతుక్కన్నా ప్రాణమున్నదా సూడు. పట్టుకుంటే ఊడొస్తున్నది."

ఇద్దరం కలిసి గంటసేపు ఆ మెకానిక్‌ను తిట్టుకున్నాం. ఇద్దరు ఆడవాళ్ల స్నేహానికి ఇంతకంటే గట్టి పునాది నేనెరుగను.

మధ్యలో కరెంటు పోయింది. బొగ్గు బాయిలు ఆగి కరెంటుకు కరువొచ్చిన రోజులు. ఆమె విసుక్కోనైనా లేదు. కుంపటి రాజేసి, రాగి మొన ఉన్న పాత కడ్డీని నిప్పుల్లో కాల్చి, దానితోనే సీసం కరిగించి అతకడం మొదలుపెట్టింది. చిలుము పట్టినా గట్టిగా ఉన్న పిన్నులను గీకి మెరిపించింది, చిలుము తినేసినవాటిని కోసి కొత్తవి బిగించింది. నేను ఊరుకోలేక, చిలుము పడితే కరెంటు ఎందుకు సరిగ్గా పారదో చెప్పబోయాను.

"వైరు సక్కగ పట్టుకో అక్కా. పాఠం తర్వాత చెప్దువు గాని" అంది.

ఇరవై మూడేళ్ల ఉద్యోగంలో నన్ను అలా నోరు మూయించిన వాళ్లు లేరు. సక్కగ పట్టుకున్నాను.

మధ్యాహ్నం అన్నంలో ఖట్టీ దాల్ పెట్టింది. మా ఇంటి చింతపండు పప్పే అది. కాకపోతే ఎండుమిర్చి మా జనగామ లెక్కకు మూడింతలు. మానుకోట మిర్చి పండించే ఊరని తెలుసు గానీ, అక్కడివాళ్లు పండించిందంతా తామే తింటారని అప్పుడే తెలిసింది. నా కళ్లనీళ్లు చూసి ఆమె నవ్వింది.

"పని నీది, బోర్డు ఆయనదా?" అని అడిగాను.

"ఆయనకు దగ్గరి సూపు పోయి ఆరేండ్లాయె. బయట తెలిస్తే బండ్లు రావు. బండ్లు రాకపోతే నేనేం కట్టాలె?"

"నీ పేరు పెట్టుకోరాదు?"

"పెడితే నువ్వొస్తవు. ఇంకెవలొస్తరు?" అంటూ కడ్డీని మళ్లీ నిప్పుల్లో పెట్టింది.

సాయంత్రం కట్ట బయటికి వచ్చింది. ఖాజా భాయ్ దాన్ని కారులో బిగించి, రెండు డబ్బీలనూ కలిపి, చెవి దగ్గరగా పెట్టి ఒత్తాడు. టక్కుమంది. విప్పి మళ్లీ ఒత్తాడు. మళ్లీ టక్కుమంది. మూడోసారి కూడా విన్నాకే వదిలాడు. వాన నీళ్లు పడకుండా దాని మీద లారీ ట్యూబు ముక్క తొడిగాడు. తాళం తిప్పగానే కారు స్టార్టయింది. హారన్ హారన్‌లా, వైపర్ వైపర్‌లా, దేని పని అది చేసింది.

"మూడు తాలూకాలల్ల గిట్ల కట్టెటోడు లేడు" అన్నాడు ఖాజా భాయ్, చుట్టూ చేరినవాళ్లతో. నేను నోరు తెరిచాను. తెర సందులోంచి మెహరున్నీసా వద్దన్నట్టు చెయ్యి ఊపింది. మూసుకున్నాను. ఒకే రోజు రెండుసార్లు.

చిట్యాల: కావాలని ఆగడం

మూడో రోజు అక్క సామానుతో ఎక్కింది. శొంఠి, బాలింతకు పెట్టే కాయం దినుసులు, మెత్తటి పాత చీరలు, దోమతెర, రోకలి ఒకటి. రోకలి ఎందుకని అడిగితే, "నీకు తెల్వదు ఊకో" అంది. నర్సంపేట దాటి, పరకాల దాటి, ముందు రాస్తారోకో ఉందంటే చిట్యాల వైపు తిరిగాం. రోడ్డుకు రెండు పక్కలా తంగేడు పూసి ఉంది, గునుగు తెల్లగా ఊగుతోంది. అక్క ఒక్క పువ్వు కూడా చూడలేదు, దారి పొడుగునా పుట్టబోయే బిడ్డ గురించే మాట్లాడింది. పురుడుకు ఏ గది, ఉయ్యాల ఎక్కడ, స్నానం ఎవరు పోస్తారు అన్నీ ఖాయం చేసింది. నేను ఏ డాక్టరో ఖాయం చేశాను. మా ఆయన పేర్లు మొదలుపెట్టాడు.

చిట్యాలలో మక్కకంకులు కాలుస్తుంటే కావాలనే ఆగి, కావాలనే ఇంజన్ బంద్ చేశాను. మూడు కంకులు పదిరూపాయలు. తిన్నాక తాళం తిప్పితే మొదటిసారికే అందుకుంది. బానెట్ ఎత్తితే చాలు పరుగెత్తుకు రావడానికి సిద్ధంగా అరుగు మీద నలుగురు పెద్దమనుషులున్నారు. వాళ్ల మొహాల్లో నిరాశ నాకు కంకికంటే తియ్యగా ఉంది.

భూపాలపల్లి

ఇంటికి తాళం ఉంది. శిబిరంలో ఉన్నారని పక్కింటివాళ్లు చెప్పారు. పోయి చూస్తే బాయి కార్మికులు ఒక పక్క, వాళ్ల ఇంటి ఆడవాళ్లు ఒక పక్క. ఆడవాళ్ల మధ్య గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని, ఒళ్లో గునుగు పూలు పోసుకుని స్వరూప. బతుకమ్మ పేర్చడానికి కట్టలు కడుతోంది.

"బట్టలు సర్దినవా బిడ్డా? పొద్దున్నే పోదం" అంది అక్క, కూర్చోకముందే.

స్వరూప పూల మీంచి తల ఎత్తలేదు. "నేను రానమ్మా."

అక్కకు వినబడనట్టే ఉంది. నాకు వినబడింది. "ఏంది స్వరూపా? కారుల పోవుడంటే భయమా? కారు మంచిగ చేయించిన. ఒక దినమంతా కూసొని కప్లర్ కొత్తది కట్టించిన. ఏడా ఆగదు" అన్నాను.

"మంచిగనే చేయించినవు చిన్నమ్మా. గని నేను కారు అడగలే కదా."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు పూలు కట్టడం ఆపారు.

"తొలి కాన్పు గిక్కడనా? నలుగురు ఏమంటరు?" అంది అక్క.

"నలుగురు గీడనే ఉన్నరు, అడుగు. దవాఖాన గా మలుపుల ఉన్నది. డాక్టరమ్మ సమ్మెల సుత వస్తున్నది. మొదటి నెల నుంచి ఆమెనే నన్ను చూస్తున్నది. గీ గుంతల రోడ్ల మీద పొద్దంతా ఊగుకుంట పోయి, తెల్వని డాక్టర్ చేతుల ఎందుకు పడాలె?" అని ఆగింది. తర్వాత నా వైపు తిరిగింది. "వస్తున్నమని ఫోన్ చేసిండ్రు చిన్నమ్మా. వస్తవా బిడ్డా అని ఒక్కలన్న అడిగిండ్రా? నేను చెప్పవోతే, పైసలు అయిపోతయని అమ్మ ఫోన్ పెట్టేసింది."

మూడు రోజులుగా, నన్ను అడగకుండా నా బండి మీద తీర్పులు చెప్పిన ప్రతి మగవాణ్నీ తిట్టుకుంటూ వచ్చినదాన్ని. ఘన్‌పూర్‌లో ఆ ఇరవైమందైనా బండి దగ్గరికొచ్చి చూశారు. మేం చూడకుండానే చెప్పేశాం.

అక్క ఏడ్చింది. పెద్దలంటే మర్యాద లేదంది, సమ్మె పిల్లల బుద్ధి పాడుచేసిందంది. రమేశ్ దూరంగా నిలబడి చేతులు నలుపుకున్నాడు. చివరికి స్వరూపే తల్లి చెయ్యి పట్టుకుని, "నువ్వు ఉండిపోరాదే అమ్మా. నాకు నువ్వు కావాలె, మానుకోట కాదు" అంది. అక్క ముక్కు చీదుకుని, రోకలి దించమని మా ఆయనకు పురమాయించింది. కాయం దంచడానికట అది.

అక్కడే ఉండిపోయింది. నెల తిరక్కుండా ఆ మలుపు దవాఖానలోనే ఆడపిల్ల పుట్టింది, తల్లీ బిడ్డా క్షేమంగా బయటికొచ్చారు. ఏ గదిలో ఉయ్యాల కట్టాలో స్వరూపే చెప్పిందట.

శిబిరంలో ఆ మాటలైన మర్నాడు పొద్దున మేం బయలుదేరుతుంటే స్వరూప వచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగింది. ముందు సీట్లో కూర్చున్న మా ఆయన వైపు చూసింది. నేను ఆయన్ని దింపేశాను. శిబిరంలో పేకాట దొరికింది కాబట్టి బాధపడలేదు. స్వరూప మెల్లగా ఎక్కి కూర్చుని, సీటు వెనక్కి జరుపుకుంది.

"ఎటు పోదం?" అని అడిగాను.

కాసేపు ఆలోచించింది. "రమేశ్ దిగే బాయి సూపిస్తవా? పెండ్లయి రెండేండ్లాయె, నేను సూడనే లేదు."

నెమ్మదిగా, గుంతలు తప్పిస్తూ పోయాం. గేటు మూసి ఉంది. లోపల ఒక రేకుల షెడ్డు, నేలలోకి వాలుగా దిగిపోయే చీకటి నోరు, దాంట్లోకి పోయే సన్నటి పట్టాలు. మనుషుల్లేరు, చప్పుడు లేదు. కావలివాడు మమ్మల్ని చూసి బల్ల మీంచి లేవలేదు. స్వరూప కిటికీ దించి చాలాసేపు చూసింది.

"గింతేనా?" అంది చివరికి, పెదవి విరిచి. "దీని గురించా రోజూ గన్ని ముచ్చట్లు చెప్తడు?"

ఆ పెదవి విరుపు అచ్చం నాదే. నవ్వు ఆపుకోలేకపోయాను. తానూ నవ్వింది, కడుపు పట్టుకుని. నేను గేరు వేసి, ఇంటివైపు తిప్పబోయి ఆగాను.

"ఇంకా ఏడికన్న పోదమా, ఇంటికేనా?"

"ఇంకో రౌండు కొట్టు చిన్నమ్మా" అంది స్వరూప. "ఏడికని నేను చెప్త."